సభ అయ్యాక ఎవరు వచ్చారు: నగరి వైపు ఒక పంచాయతీలో మానసిక ఆరోగ్య అవగాహన, ఒక కేస్ స్టడీ

అక్టోబర్ 10 దగ్గర పడేకొద్దీ మాకు ఫోన్లు ఎక్కువవుతాయి. 1992 నుంచి ఆ రోజును ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవంగా జరుపుతున్నారు కాబట్టి ఏదో ఒకటి చేయాలని అందరికీ ఉంటుంది. కాలేజీ పిల్లలతో ర్యాలీ తీద్దాం, బ్యానర్ కట్టిద్దాం, డాక్టరుగారిని పిలిచి అరగంట మాట్లాడిద్దాం అంటారు. నేను తిరుపతిలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. ర్యాలీలంటే నాకు చిన్నచూపు లేదు, ఆ ఒక్క పూటయినా బజార్లో ఈ మాట వినపడుతుంది. కానీ ర్యాలీ చూసి ఎంతమంది ఆస్పత్రి గడప తొక్కారని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఈ కేసులో మేము ఆ ప్రశ్ననే ముందు పెట్టుకున్నాం. సభ అయిపోయాక ఎవరు వచ్చారు, వచ్చినవాళ్ళు రెండోసారి వచ్చారా అన్నదే మా లెక్క. పనంతా దాన్నిబట్టే నడిచింది.

ఊరి పేరు రాయడం లేదు. మనుషుల వయసు, వృత్తి, కుటుంబ వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను.

ఊరు

నగరి వైపు, తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా ఉన్న పెద్ద పంచాయతీ అది. వీధుల్లో నడుస్తుంటే మరమగ్గాల చప్పుడు రాత్రీ పగలూ వినపడుతుంది. ఊరి బయట తోతాపురి తోటలు. ఇళ్ళలో తెలుగు, తమిళం రెండూ కలిసి నడుస్తాయి. మగవాళ్ళలో సగానికి పైగా మగ్గాల మీద షిఫ్టుల్లో పనిచేస్తారు, ఆడవాళ్ళు కండెలు చుట్టడం, పాడి, కూలి పనులు. దాదాపు ప్రతి ఇంట్లో డ్వాక్రా అప్పు, దాని పక్కన ఫైనాన్స్ వాళ్ళ అప్పు ఉంటాయి. మామిడికి రేటు పడిపోయిన ఏడాది ఆ రెండూ కలిసి మెడ మీద కూర్చుంటాయి.

మొదట మేము సభ గురించి మాట్లాడలేదు. ఆశా కార్యకర్తలతో, ఏఎన్ఎంతో, డ్వాక్రా యానిమేటర్‌తో, టీ అంగడి దగ్గర మగ్గాల పనివాళ్ళతో కూర్చుని ఒకే ప్రశ్న అడిగాం. 'రాత్రుళ్ళు నిద్ర పట్టక, ఏమీ తోచక, గుండె దడగా ఉంటే ఈ ఊళ్ళో మనిషి ముందు ఎవరి దగ్గరికి పోతాడు?' అందరూ ఇంచుమించు ఒకే వరస చెప్పారు. ముందు మెడికల్ షాపు, తర్వాత ఆర్‌ఎంపీ, ఆయన గ్లూకోజ్ ఎక్కిస్తాడు. తగ్గకపోతే గాలి సోకిందేమోనని మంత్రించే ఆయన దగ్గరికి. చేతిలో డబ్బుంటే వేలూరు. వేలూరు బాగాయంలో సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వాళ్ళ మానసిక ఆరోగ్య కేంద్రం 1957 నుంచి ఉంది, రోగితో పాటు ఇంటివాళ్ళను కూడా చికిత్సలో కలుపుకోవడంలో దానికి పేరుంది. అయితే ఈ ఊరివాళ్ళు అక్కడికి పోవడానికి ఇంకో కారణం కూడా చెప్పారు. అక్కడైతే తెలిసినవాళ్ళు ఎదురుపడరు. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉందన్న సంగతి, మందులు ఉచితంగా ఇస్తారన్న సంగతి చాలామందికి తెలియదు.

చేయి విరిగితే పుత్తూరు కట్టుకు పోవాలని ఈ చుట్టుపక్కల పసిపిల్లాడిని అడిగినా చెబుతాడు. మనసు విరిగితే ఎక్కడికి పోవాలో పెద్దవాళ్ళు కూడా చెప్పలేకపోయారు. మేము నింపాల్సిన ఖాళీ అదే. 'డిప్రెషన్ అంటే ఏమిటి' అన్న ఉపన్యాసం తర్వాతి సంగతి.

ఈ ఖాళీ ఒక్క ఊరిది కాదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. చికిత్స అందనివాళ్ళు సమస్య రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. మన ఆంధ్రప్రదేశ్ ఆ 12 రాష్ట్రాల్లో లేదు. కానీ పీహెచ్‌సీ ఓపీలో ఒక పూట కూర్చుంటే పరిస్థితి అర్థమవుతుంది. ఒళ్ళు నొప్పులు, తలనొప్పి, కడుపులో మంట అంటూ నెలల తరబడి తిరిగే ఆడవాళ్ళు వస్తారు. 'రాత్రి ఎన్ని గంటలకు నిద్ర పడుతుందమ్మా?' అని అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు.

పిలవడానికి ముందు

నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. ఊరంతా దండోరా వేసి, మనుషుల మనసు కదిలించి, ఆ తర్వాత వాళ్ళను చూసే డాక్టరు లేకపోతే అది వాళ్ళకు చేసిన అన్యాయం. ధైర్యం చేసి ఒకసారి వచ్చి ఖాళీ కుర్చీ చూసి వెళ్ళిన మనిషి మళ్ళీ రాడు.

అందుకని ముందు పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌తో కూర్చున్నాం. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే మొదలైంది, 1996 నుంచి జిల్లాల వారీగా నడుస్తోంది. దాని కింద సైకియాట్రిస్ట్ దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి ఏ రోజు వస్తారో కనుక్కుని, ఆ రోజును బట్టి మా తేదీలు వేసుకున్నాం. ఊళ్ళో కార్యక్రమం, ఆ తర్వాత వారం లోపల ఓపీ. ఫార్మసీలో మామూలుగా రాసే మందులు నెలకు సరిపడా ఉన్నాయో లేదో చూశాం. మొదటిసారి వచ్చేవాళ్ళ వెంట ఆశా కార్యకర్త వస్తుందని, బస్సు ఖర్చు మేము పెట్టుకుంటామని మాట అనుకున్నాం.

రెఫరల్ చీటీ మీద 'మానసిక' అన్న మాట రాయలేదు. రోజు, టైము, గది నంబరు, అంతే. దీని మీద మా టీమ్‌లోనే వాదన జరిగింది. మనమే దాచిపెడితే సిగ్గు ఎలా పోతుందని ఒక సహోద్యోగి అడిగారు. ఆ మాటలో న్యాయం ఉంది. అయినా, కోడలి చేతిలో చీటీ చూసి అత్త ఏమంటుందో అన్న భయంతో ఒక మనిషి చికిత్సకు దూరమైతే మన సిద్ధాంతం ఆమెకు ఏం చేస్తుంది? మొదటి గడప దాటించడమే మొదటి పని అనుకున్నాం.

మంత్రించే ఆయన దగ్గరికి కూడా వెళ్ళాం. ఆయన పెద్దాయన, ఊళ్ళో గౌరవం ఉంది. ఆయన చేసేది తప్పని మేము చెప్పలేదు. కొన్ని గుర్తులు మాత్రం చెప్పాం. మనిషి రోజుల తరబడి తిండి మానేస్తే, ఫిట్స్ వస్తే, జ్వరంతో కలవరిస్తే, కాన్పయిన వారాల్లో తల్లి తీరు ఒక్కసారిగా మారిపోతే, చచ్చిపోతానని అంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పంపమని అడిగాం. ఆయన కాసేపు ఆలోచించి, 'నా తాయెత్తు నేను కడతా, మీ మాత్ర మీరియ్యండి. రెండిట్లో ఏది పనిచేసినా బిడ్డ బాగుపడితే చాలు' అన్నాడు. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గా దగ్గర 'దవా–దువా' (మందు, ప్రార్థన) పేరుతో ఇలాంటి కలయికనే ఏళ్ళుగా నడిపారు. ఆ తలుపు మూసేస్తే ఏమవుతుందో మన పక్క రాష్ట్రంలోనే చూశాం. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో మంటలు లేస్తే గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది రోగులు కాలి చనిపోయారు. రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది. ఈ సంగతి ఆ పెద్దాయనకు చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు.

డ్వాక్రా మీటింగ్

మొదటి కార్యక్రమానికి ప్రత్యేకంగా ఎవరినీ పిలవలేదు. గ్రామ సమాఖ్య నెలవారీ మీటింగ్‌లో, పొదుపు లెక్కలు అయ్యాక, మాకు అరగంట ఇచ్చారు. ఎస్సీ కాలనీలో కమ్యూనిటీ హాల్లో ఇంకొకటి, ముస్లిం కుటుంబాలు ఎక్కువగా ఉన్న వీధిలో ఒక ఇంటి వసారాలో మరొకటి పెట్టాం. విడివిడిగా పెట్టడానికి కారణం ఉంది. తర్వాత మేము గుడి పందిట్లో చేయబోయే కార్యక్రమానికి వీళ్ళలో చాలామంది రారు. ఒకే చోట పెద్ద సభ పెట్టి ఊరంతా వచ్చిందని రాసుకోవడం నాకు ఇష్టం లేదు.

అక్కడ బాగా పనిచేసింది ఒక ఫోన్ కాల్. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 గురించి పోస్టర్లు అంటిస్తూనే ఉంటాం. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కానీ ఆ నంబరు నొక్కితే అవతల ఎవరుంటారో తెలియనప్పుడు భయం సహజం. పోలీసులకు పోతుందా, ఊళ్ళో తెలుస్తుందా, డబ్బులు కట్ అవుతాయా? అందుకని యానిమేటర్ ఫోన్ నుంచే కాల్ చేసి స్పీకర్ పెట్టించాం. భాష ఎంచుకోమని రికార్డు మాట వచ్చింది, తెలుగు నొక్కింది. కాసేపటికి ఒకామె, 'చెప్పండమ్మా' అంది. ఊరి మీటింగ్‌లో నంబరు చూపించడానికి చేశామని ముందే చెప్పి, లైను ఎక్కువసేపు పట్టుకోకుండా రెండు ప్రశ్నలు మాత్రం అడిగించాం. రాత్రిపూట చేయొచ్చా, ఇంట్లో వేరేవాళ్ళ కోసం చేయొచ్చా? రెండింటికీ చేయొచ్చనే చెప్పింది.

కాల్ పెట్టేశాక వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దామె, 'ఓస్, మన మాదిరే మాట్లాడుతోందే' అంది. తర్వాత చాలామంది ఆ నంబరును ఫోన్లో ఎక్కించుకున్నారు. ఏ పేరుతో ఎక్కించుకున్నారని చూస్తే ఒకామె 'అక్క' అని పెట్టుకుంది.

ఆ మీటింగుల్లో మాకు ఎక్కువగా ఎదురైన ప్రశ్న మేము సిద్ధం చేసుకున్న విషయాల్లో లేదు. 'మా ఆయన తాగుడు మాన్పించే మందుందా మేడమ్, ఆయనకు తెలీకుండా కలిపి పెట్టేది?' దాదాపు ప్రతి చోటా అడిగారు. అలాంటి ప్రకటనలు గోడల మీద, ఫోన్లలో కనపడుతూనే ఉంటాయి. దీనికి జవాబు గట్టిగా చెప్పాలి. తాగుడు మాన్పించే మందుల్లో కొన్ని ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, దడ, బీపీ పడిపోవడం జరిగి ప్రాణం మీదికి వస్తుంది. తెలియకుండా పెట్టడం ఎంత మాత్రం పనికిరాదు. ఇంకోటి, ఏళ్ళుగా రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనపడడం, కలవరింతలు రావచ్చు. దాన్ని చూసే మనవాళ్ళు దయ్యం పట్టిందంటారు. అది ఆస్పత్రిలో చేర్చాల్సిన పరిస్థితి. ఈ రెండు మాటలు చెప్పినందుకే ఆ మీటింగులు సార్థకమయ్యాయని నా నమ్మకం. భర్త తాగుడు ఇంట్లో ఉన్నంతకాలం భార్య డిప్రెషన్‌కు మాత్ర ఒక్కటే ఇచ్చి లాభం లేదు.

భారతం పందిట్లో

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ద్రౌపదీ ధర్మరాజుల స్వామి గుడి ఉన్న ఊళ్ళలో ఎండాకాలం మొదలయ్యాక భారతం పెడతారు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు, చివర్లో దుర్యోధన వధ, అగ్నిగుండం, ఆ తర్వాత ధర్మరాజు పట్టాభిషేకం. బయటూళ్ళలో ఉన్నవాళ్ళు కూడా సెలవు పెట్టుకుని వస్తారు. మగ్గాలు ఆగేదీ ఆ రోజుల్లోనే.

ఉత్సవ కమిటీని కార్యక్రమం పెట్టుకుంటామని అడిగితే వాళ్ళకు ముందు నచ్చలేదు. 'దేవుడి పందిట్లో పిచ్చి గురించి ఎందుకు సార్?' అన్నారు. మేము బలవంతం చేయలేదు, హరికథ చెప్పే భాగవతార్‌తో ఒకసారి మాట్లాడనివ్వమని మాత్రం అడిగాం. దారి చూపింది ఆయనే. యుద్ధం గెలిచాక ధర్మరాజు రాజ్యం వద్దు, అడవికి పోతానంటాడు. ఆ ఘట్టాన్ని మామూలుగా రెండు మాటల్లో దాటేసి పట్టాభిషేకానికి పోతామని చెప్పారు. జనం అప్పటికి అగ్నిగుండం చూసి అలిసిపోయి ఉంటారు. ఈసారి దాన్ని సాగదీసి చెబుతానన్నారు.

శాంతి పర్వంలో ఆ భాగం ఎంత దగ్గరగా ఉంటుందో నేను అంతవరకు గమనించలేదు. తమ్ముళ్ళు ఒక్కొక్కరే వచ్చి మందలిస్తారు. నీకేం తక్కువ, ఇంత గెలిచి ఈ ఏడుపేమిటని భీముడు కోప్పడతాడు. ద్రౌపది కూడా గట్టిగానే మాట్లాడుతుంది. కానీ ఆమె మాటల్లో ఒక చోట, ఇలా దారి తప్పిన మనిషికి వైద్యం చేయించాలి, ధూపాలు, కాటుకలు, ముక్కులో వేసే మందులు వాడాలి అంటుంది. అన్ని వేల ఏళ్ళ కిందటి కథలో, కుంగిపోయిన రాజుకు వైద్యం కావాలని ఒక మనిషి గుర్తిస్తుంది, ఆ మనిషి అతని భార్య.

భాగవతార్ ఆ రోజు భీముడి గొంతు పెట్టి, 'ఏందన్నా, నీకేం లోటని? కూడు లేదా, గుడ్డ లేదా?' అంటుంటే పందిరంతా నవ్వింది. అలా రెండు మూడు మాటలు అనిపించాక చిరతలు ఆపి, 'ఇట్లాంటి మాటలు మన ఇళ్ళల్లో మనం ఎవురితోనూ అనలేదా తల్లీ?' అని అడిగారు. నవ్వు ఆగిపోయింది. తర్వాత ద్రౌపది మాట చెప్పారు. పక్కనున్నవాళ్ళు ధర్మరాజును ఒంటరిగా వదిలిపెట్టకపోవడం, వ్యాసుడు, కృష్ణుడు ఓపిగ్గా కూర్చుని మాట్లాడడం, చివరికి భీష్ముడి దగ్గరికి వెంటబెట్టుకుని పోవడం చెప్పుకొచ్చారు. ఒకటి ముందే మాట్లాడుకున్నాం. దుఃఖం పూర్వజన్మ పాపమనే మాట ఎక్కడా రాకూడదని. ఆయన దాన్ని నిలబెట్టుకున్నారు.

ఆ తర్వాత డాక్టరు మాట్లాడలేదు. ఒక మామూలు మనిషి మాట్లాడాడు.

మైకు ముందు మనిషి

సిగ్గు, వివక్ష తగ్గించడంలో బాగా పనిచేసేది ఆ జబ్బు అనుభవించిన మనిషిని ఎదురుగా చూడడం, వినడం అని 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ ఇచ్చిన నివేదిక తేల్చి చెప్పింది. మన రాష్ట్రంలోనే పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్ళు నడిపిన 'స్మార్ట్ మెంటల్ హెల్త్' పనిలో కూడా నాటకాలు, వీడియోలతో అవగాహన పెంచుతూ, ఆశా కార్యకర్తలతో ఇంటింటికీ వెళ్ళి గుర్తించి, పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి చేర్చారు. మా ప్రణాళికకు ఆ రెండింటి నుంచి చాలా తీసుకున్నాం.

మాట్లాడినాయనది పక్క మండలం. యాభై దాటిన మనిషి, మగ్గాలు అమ్ముకోవాల్సి వచ్చిన తర్వాత డిప్రెషన్‌లోకి వెళ్ళి, చికిత్స తీసుకుని కోలుకున్నాడు. ఆయనను ఒప్పించడం మా పని కాదు, ఆయన ఒప్పుకుంటే కాపాడుకోవడం మా పని. కొన్ని షరతులు ముందే రాసుకున్నాం. మైకు ముందు నిలబడే క్షణం దాకా ఎప్పుడైనా వద్దనొచ్చు. ఇంటివాళ్ళ పేర్లు, ఊరి పేరు రావు. వీడియో, ఫోటో ఉండవు. కమిటీ పెట్టుకున్న కెమెరామన్‌తో ఆ పదినిమిషాలు కెమెరా ఆపించాం. కూతురికి సంబంధాలు చూస్తున్నారు కాబట్టి ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నాకే 'సరే' అన్నారు. చెప్పేది రెండుసార్లు మా ముందు చెప్పి చూసుకున్నాడు. చనిపోవాలన్న ఆలోచన వచ్చిన సంగతి చెప్పొచ్చు గానీ, ఏం చేయబోయాడో ఆ వివరం చెప్పకూడదని ముందే మాట్లాడుకున్నాం. వింటున్నవాళ్ళలో అదే ఆలోచనతో ఉన్నవాళ్ళు ఉండొచ్చు.

ఆయన మాటలు నాకు దాదాపుగా గుర్తున్నాయి. 'నాకు జబ్బు చేసింది. పొద్దున లేచి మొహం కడుక్కోవాలన్నా కొండెక్కినంత కష్టంగా ఉండేది. మా ఇంట్లో వాళ్ళు సోమరితనం అన్నారు, నేనూ అదే అనుకున్నా. మాత్రలు మొదలుపెట్టినాక రెండు వారాలు ఏమీ తెలీలేదు, నోరెండిపోయేది, నిద్రమత్తు. పారేద్దామనుకున్నా. మా ఇంటామె పారెయ్యనీలేదు. మూడో వారంలో ఒక పొద్దున కాఫీ వాసన తెలిసింది. అంతకుముందు ఎన్ని నెలలుగా తెలీలేదో నాకే తెలీదు.'

భార్య ముందు వరసలోనే కూర్చుని ఉంది. ఆయన దిగి వచ్చాక మా టీమ్‌లో ఒకరు ఆయనను పక్కకు తీసుకెళ్ళి గంటసేపు కూర్చున్నారు. మర్నాడు, వారం తర్వాత ఫోన్ చేశారు. మైకు దిగిన తర్వాత వచ్చే దిగులు గురించి చాలామంది నిర్వాహకులు ఆలోచించరు. ఒకరి బాధను పదిమందికి ఉపయోగపడేలా వాడుకున్నప్పుడు ఆ మనిషి ఇల్లు చేరేదాకా, ఆ తర్వాత కూడా, బాధ్యత మనదే.

పందిరి పక్కన చింతచెట్టు కింద బీపీ మిషన్‌తో ఒక టేబుల్ వేసి పెట్టాం. పైన 'బీపీ, షుగర్ పరీక్ష' అని మాత్రమే బోర్డు. డాక్టరుగారు అక్కడే కూర్చున్నారు. బీపీ చూపించుకునే వంకతో ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, చుట్టూ ఉన్నవాళ్ళు అనుమానించరు. పట్టీ చుట్టి, గాలి ఎక్కించి, దిగేలోపల 'నిద్ర సరిగ్గా పడుతోందా?' అని అడిగితే చాలు. అక్కడ ప్రశ్నాపత్రాలు పంచలేదు. డిప్రెషన్ గుర్తించడానికి వాడే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 మంచి సాధనమే, గత రెండు వారాల్లో మనిషి ఎలా ఉన్నాడో చెబుతుంది. కానీ దాని తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. పందిట్లో పక్కవాడు తొంగి చూస్తుంటే దానికి ఎవరు నిజం రాస్తారు? ఒకవేళ రాస్తే, ఆ గుంపులో ఆ మనిషిని ఎలా పట్టుకుంటాం? ఆ కాగితాలు తలుపు మూసిన గదిలోనే.

అక్కడికక్కడ ఎదురైనవి

రెండు సందర్భాలు చెప్పాలి. పందిట్లోనే ఒకతను లేచి, ఎదురు వరసలో ఉన్న మనిషిని చూపించి, 'ఈయనకు తిక్క సార్, ముందు ఈయన్ని చూడండి' అన్నాడు. కొందరు నవ్వబోయారు. అప్పుడు మైకు పట్టుకున్న ఏఎన్ఎం, 'ఎవరి ఒంటి సంగతి వాళ్ళే చెప్పాల అన్నా, మీకు ఏదైనా ఉంటే బీపీ టేబుల్ దగ్గరికి రండి' అని మామూలు గొంతుతో చెప్పి, తర్వాతి మాటకు పోయింది. ముందే అనుకున్న జవాబే అది. ఇలాంటిది ఎక్కడైనా జరుగుతుంది కాబట్టి ఎవరు, ఏం చెప్పాలో ముందే అనుకుని ఉండాలి.

రెండోది బీపీ టేబుల్ దగ్గర. నలభై ఏళ్ళ ఒకావిడ చేయి చాపి కూర్చుని, తల వంచుకుని, 'ఉండబుద్ధి కావడంలే' అంది. డాక్టరుగారు నన్ను పిలిచారు. పక్కన గుడి వంటగదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి నేరుగానే అడిగాను, 'చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?' అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. పరిశోధనలు అలా చెప్పడం లేదు, అడిగితే మనిషికి మాట్లాడే దారి దొరుకుతుంది. ఆమె చాలాసేపు ఏడ్చింది. ఆమె ఇష్టంతోనే అక్కను పిలిపించాం. ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదని, ఇంట్లో ఉన్న తోట మందులు, మాత్రలు ఆమెకు అందకుండా వేరే ఇంట్లో తాళం వేసి పెట్టాలని చెప్పాం. తెల్లారి ఆశా కార్యకర్త తోడుగా రుయాకు పంపాం. వాళ్ళకున్న పెద్ద భయం పోలీసు కేసు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది, 2018 మే 29 నుంచి అది అమల్లో ఉంది. ఈ ఒక్క మాట తెలియక ఎన్ని కుటుంబాలు ఆస్పత్రికి రాకుండా దాచిపెట్టుకుంటున్నాయో. ఆమె ఇప్పుడు చికిత్సలో ఉంది, కండెల పనికి మళ్ళీ పోతోంది.

తర్వాతి నెలలు

మేము అనుకున్నది ఒకటి, జరిగింది ఒకటి. కార్యక్రమం తర్వాతి వారం ఓపీకి వచ్చినవాళ్ళు కొద్దిమందే. ఎక్కువమంది రెండు మూడు నెలలు ఆగి వచ్చారు. వచ్చి, 'భారతంలో చెప్పినారు కదా' అన్నారు. ఎవరో మాట్లాడిన మాటను ఇంటికి తీసుకెళ్ళి, ఆలోచించుకుని, ఇంట్లో ఒప్పించుకుని, బస్సుకు డబ్బు చూసుకుని రావడానికి ఆ టైము పడుతుంది. కార్యక్రమం అయిన వారానికే నివేదిక రాసి ఫైలు మూసేస్తే ఈ మనుషులు అందులో కనపడరు. నిర్వాహకులు కనీసం ఆరు నెలలు రిజిస్టర్ చూడాలని అంటాను.

రెండోసారి రాకుండా ఆగిపోయినవాళ్ళు ఎక్కువగా రెండో వారంలోనే ఆగారు. డిప్రెషన్ మందులు పనిచేయడం తెలియడానికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఇబ్బందులేమో మొదటి రోజు నుంచే తెలుస్తాయి. 'నిద్రమాత్రలంట, అలవాటైపోతాయంట' అని పక్కింటి మాట తోడవుతుంది. అందుకే ఆశా కార్యకర్తల ఇంటి సందర్శనను సరిగ్గా పదో రోజు ప్రాంతంలో పెట్టాం. పెద్దగా ఏమీ చెప్పనక్కర్లేదు. నోరెండడం కొద్ది రోజుల్లో తగ్గుతుంది, ఇంకో రెండు వారాలు చూడు, బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, డాక్టరును అడక్కుండా ఆపొద్దు. పక్క మండలం ఆయన చెప్పిన కాఫీ వాసన మాట ఆశా కార్యకర్తలు తమంతట తామే వాడడం మొదలుపెట్టారు. మా కరపత్రంలోని ఏ వాక్యమూ అంత పనిచేయలేదు.

ఏళ్ళుగా స్కిజోఫ్రేనియాతో ఉన్నవాళ్ళ కుటుంబాలు సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) గురించి అడిగాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉందని, వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ప్రయోజనాలకు అర్హత ఉంటుందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. సచివాలయంలో స్లాట్ బుక్ చేయించే పని డిజిటల్ అసిస్టెంట్ తీసుకున్నారు. పింఛను కోసం వచ్చిన కుటుంబం మందుల కోసం కూడా వస్తుంది, ఇందులో తప్పు చూడాల్సిన అవసరం నాకు కనపడలేదు.

ఖర్చు సంగతి. భాగవతార్‌కు కమిటీ ఇచ్చేదే ఇచ్చింది, పందిరి, మైకు వాళ్ళవే. మాకు అయింది బస్సు ఛార్జీలు, చీటీల ప్రింటింగ్, మాట్లాడడానికి వచ్చినాయనకు రోజు కూలి, భోజనం. విడిగా స్టేజీ కట్టి పెట్టే సభకు అయ్యే దాంట్లో ఇది చిన్న భాగం. మిగిలిన డబ్బు ఆశా కార్యకర్తల ప్రయాణాలకు పెట్టాం.

ఇంకా అందనివాళ్ళు మగ్గాల పనివాళ్ళు. భారతం రోజుల్లో పందిట్లో కనపడ్డారు, తర్వాత ఓపీలో కనపడలేదు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున పడుకునే మనిషికి పదింటి ఓపీ అంటే నిద్రా పోతుంది, కూలీ పోతుంది. పగటి నిద్ర చాలక, ఆ చప్పుడులో ఏళ్ళు గడిపి, మత్తు కోసం సాయంత్రం ఒక క్వార్టర్ అలవాటు చేసుకున్నవాళ్ళు వాళ్ళలో చాలామంది. కరెంటు కోత ఉన్న రోజున షెడ్ల దగ్గరికి వెళ్తే టీ తాగుతూ కూర్చుని ఉంటారు, అప్పుడు మాట్లాడతారు కూడా. ఇప్పుడు మెడికల్ ఆఫీసర్‌తో నెలకు ఒక సాయంత్రం, షిఫ్టు మారే వేళకు, గ్రామ క్లినిక్‌లో కూర్చోవడానికి మాట్లాడుకున్నాం. ఆ సాయంత్రం గంట ఆలస్యంగా వచ్చినా కూలి కోయకూడదని మగ్గాల ఓనర్లను అడుగుతున్నాం. ఇద్దరు ఒప్పుకున్నారు. మిగతావాళ్ళు ఆర్డర్ల ఒత్తిడి తగ్గాక చూద్దామంటున్నారు, పెద్ద పండగ వెళ్ళాక మళ్ళీ వెళ్తాం.